దివిసీమలో వాడిన నీరు

పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి, వాటి నడుమ దివిసీమను నిలుపుతున్నది. అక్కడి అక్విడక్టు మీదుగా వచ్చే కాలువనీరే అవనిగడ్డ ప్రాంతపు పైర్లకూ, ఊరి చెరువులకూ ఆధారం. బావి త్రవ్వితే అనేక చోట్ల ఉప్పునీరు పడుతుంది. కాలువ వదిలినప్పుడు చెరువు నింపుకొని, కట్టివేసిన నెలలలో ఆ నీటితోనే గడుపుకోవడం ఇక్కడి వాడుక. మంచినీటిని ఇంత అపురూపంగా చూచుకొనే సీమలో వాడిన నీరు ఎటు పోతున్నది?

ఇంకుడుగుంట త్రవ్వుకోవాలన్న సలహా మెట్ట గ్రామాలకు మంచిదే. బంకమట్టి నేలలో, వానకాలం జానెడు లోతునే నీరు ఊరే ఊళ్ళలో, గుంటలోని నీరు ఇంకదు సరికదా, నేలలోని నీరే గుంటలోకి వస్తుంది. సెప్టిక్ టాంకు ఉన్నది గదా అని కొందరి ధీమా. అది మడ్డిని అడుగున నిలిపి కొంతవరకు కుళ్ళింపజేస్తుందే గాని, బయటకు పోయే నీటిని శుద్ధి చేయదు. ఆ నీటిలోని నత్రజని, భాస్వరాలు మురుగుకాలువలో గుర్రపుడెక్కకు ఎరువు. అందులోని సూక్ష్మజీవులు చెరువు గట్టు దాటితే ఊరికి రోగం.

నెదర్లాండ్సులోని వూర్‌స్ఖోటెన్‌లో 1954లో పాస్‌వీర్ అనే శాస్త్రజ్ఞుడు సుమారు 360 మందికి సరిపడే గుండ్రని కాలువ కట్టించి, తిరిగే కుంచెలతో మురుగునీటికి గాలి పట్టించాడు. చిన్న ఊరికి చక్కని ఏర్పాటే. అయితే దానికి ఎడతెగని విద్యుచ్ఛక్తి కావాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన సీమలో తీగలను నమ్ముకొన్న యంత్రం కన్న, మొక్కలను నమ్ముకొన్న మడి మేలని మా అభిప్రాయం.

అటువంటి మడులపై జర్మనీలో కేథే జైడెల్ అనే వృక్షశాస్త్రవేత్త 1950 దశకంలోనే పరిశోధన చేసింది. మురుగును ముందు తొట్టిలో తేర్చి, తర్వాత కంకర, ఇసుక పరచి జమ్ము నాటిన మడులలోకి వదలుతారు. మొదటి మడిలో నీరు పైనుంచి విడతలు విడతలుగా దిగుతుంది. విడతల నడుమ గాలి సోకి, సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. రెండవ మడి ఎప్పుడూ నిండి ఉంటుంది. అక్కడ గాలి లేక, మరొక జాతి సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొని, నత్రజనిని ఆకాశంలోకి వదలివేస్తాయి. భాస్వరం ఇంత సులభంగా లొంగదు. అందువల్లనే శుద్ధి అయిన నీటిని కాలువపాలు చేయక, పశుగ్రాసానికో కొబ్బరితోటకో పారించడం లాభం.

లెక్క పెద్దది కాదు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు నిర్ణయించింది. వెయ్యిమంది ఊరికి 55,000 లీటర్లు. అందులో అయిదింట నాలుగు వంతులు, అంటే 44,000 లీటర్లు, మురుగై తిరిగివస్తాయనుకోవచ్చు. మనిషికి రెండు చదరపు మీటర్ల చొప్పున మడి కట్టినా అర ఎకరమే.

ఆ అర ఎకరం ఎక్కడన్నదే చిక్కు. మడి అడుగున నీరు దిగని పొర వేసి, ఉప్పుటేరు పొంగినా మునగని ఎత్తున గట్టు పోయాలి. మంచినీటి చెరువుకు దిగువన, దూరంగా ఉండాలి. ఏటా జమ్ము కోయడానికి, తొట్టిలోని మడ్డి తీయించడానికి పంచాయతీ ఒక మనిషిని జీతంపై నియమించాలి. స్థలం నిర్ణయించే రోజుననే ఆ జీతం పద్దు కూడా వ్రాసుకోవడం అవసరం.