తోక మొలచును, తల మొలవదు

ఇటలీ దేశపు లిగ్నానో తీరమున ఇసుకరేణువుల సందున దొరకిన మాక్రోస్టోమమ్ లిగ్నానో అను బల్లపరుపు పురుగు సంగతి విచిత్రమైనది. 2005లో ఆస్ట్రియాయందలి ఇన్స్‌బ్రుక్ పరిశోధకులు దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసిరి.

పొడవు మిల్లీమీటరుకు కొంచెమెక్కువ. దేహము గాజువలె పారదర్శకమగుటచే, సూక్ష్మదర్శిని క్రింద దాని అండములును వృషణములును కోయకయే కానవచ్చును, పైగా ప్రతి పురుగును ఏకకాలమున ఆడుదియు మగదియునై యుండును. ఉప్పునీట డయాటములను మేతగా వేసిన చాలును, హాయిగా బ్రతుకును.

కంఠమునకు దిగువ ఖండించినచో, నియోబ్లాస్టులను మూలకణముల బలముచే తోకను, జననాంగములను మరల పెంచుకొనును; తెగిన తోక మాత్రము క్రొత్త శిరస్సును మొలిపించుకొనజాలదు. నా మట్టుకు, ఆ శక్తికంటె ఈ అశక్తతయే పరిశోధకులను ఎక్కువగా ఆకర్షింపదగినది.