గాయం మానే తీగ తొడుగు

ఇంట్లో కరెంటు తీగకూ మన చేతికీ మధ్య అడ్డుగా ఉండేది పలచటి తొడుగు ఒక్కటే. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకుంటుంది. మోయలేని లోడు పడి ఆ వేడి దాటుతూ ఉంటే అది పెళుసెక్కి పగుళ్లు బారుతుంది. చర్మం తెగితే నెత్తురు గడ్డకట్టి గాయం మానినట్టు, తొడుగు తన పగులును తానే పూడ్చుకోగలదా? కొంతవరకు పూడ్చుకోగలదు. అయితే మానేది గాయమే, జబ్బు కాదు.

2001లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ద్రవం నింపిన సూక్ష్మ గుళికలను ప్లాస్టిక్‌లో కలిపారు. పగులు తాకగానే గుళిక చితికి, కారిన ద్రవం ప్లాస్టిక్‌లోనే కలిపి ఉంచిన ఉత్ప్రేరకం తగిలి గట్టిపడింది. పగులును తట్టుకునే శక్తి 75 శాతం దాకా తిరిగొచ్చింది. కానీ చితికిన గుళిక మళ్లీ నిండదు. అక్కడే రెండోసారి పగిలితే మందు అయిపోయినట్టే. 2008లో ఫ్రాన్సులో లుడ్విక్ లీబ్లర్ బృందం కొవ్వు ఆమ్లాలు, యూరియాలతో చేసిన రబ్బరుకు ఈ చిక్కు లేదు. దాని అణువులను పట్టి ఉంచేవి తేలిగ్గా విడిపోయి, తేలిగ్గా కలిసే హైడ్రోజన్ బంధాలు. కోసిన ముక్కలను వెంటనే ఆనించి ఉంచితే వేడి చేయకుండానే అతుక్కుంటాయి, అదీ మళ్లీ మళ్లీ.

అతుక్కుంటే చాలదా అనవచ్చు. ముక్కలు కలవడం వేరు, కరెంటును ఆపడం వేరు. హైవోల్టేజి కేబుల్ తొడుగులో చిన్న గాలి బుడగ మిగిలినా, అందులో పుట్టే చిరు మెరుపులు తొడుగును చెట్టు కొమ్మల ఆకారంలో తొలిచేస్తాయి. ఇంటి వైరులోనూ తొడుగు మూసుకున్నంత మాత్రాన లోపల తెగిన రాగి పోగులు కలవవు. మిగిలిన పోగుల మీదే భారమంతా పడి అవి వేడెక్కుతాయి. పైకి కనిపించే పగులు మనకు హెచ్చరిక. అది మాయమైతే ప్రమాదం దాక్కున్నట్టే.

అలాగని ఈ శాస్త్రం వృథా కాదు. విమానం గోడల వెనక, భూమిలో పాతిన కేబుళ్లలో, మనిషి చెయ్యి చేరని చోట అది విలువైన వ్యవధి ఇవ్వగలదు. ఇంట్లో మాత్రం చెయ్యి చేరుతుంది. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు హీటరూ, ఇస్త్రీపెట్టే తగిలించకండి. పగిలిన వైరును ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి. గాయం మాన్పే తొడుగు రేపు బజారుకొచ్చినా, వేడి ఎందుకు పుట్టిందని అడగాల్సింది మనమే.