జీవాలకు తావు – ఇంటికి శుభ్రం



జీవం లేని ఇల్లు పల్లెలో తక్కువ. లాల్‌గడి మలక్‌పేట, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ వాకిట్లో బర్రె ఉంటుంది. కోళ్లు తిరుగుతాయి. గడప దగ్గర కుక్క, పొయ్యి దగ్గర పిల్లి పడుకుంటాయి.

వెనుకట ఇంటి వెనక గొడ్ల కొట్టం ఉండేది. వాకిలి పెద్దగా ఉండేది. ఇప్పుడు పట్నం దగ్గరికొచ్చింది. పొలాలు ప్లాట్లయినయి. చాలా ఇండ్లల్లో కొట్టం పోయింది, జీవాలు పోలేదు. అవి మనుషుల నడుమకే వచ్చినయి. కష్టం ఇక్కడే మొదలైంది.

ఒక ఇల్లు అనుకోండి. ఇంట్లో అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. ఒక బర్రె, ఆరు కోళ్లు, ఒక కుక్క, ఒక పిల్లి. రాత్రి కోళ్లను మంచం కిందనే కమ్ముతారు. చిన్నపిల్ల నేల మీద పాకుతుంది. కోడిరెట్ట అంటిన చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పిల్లకు మాటిమాటికి విరేచనాలు. దవాఖానకు పైసలు పెట్టి పెట్టి కొడుకుకు కోపం వచ్చింది.

"కోళ్లను అమ్మేద్దాం, కుక్కను ఎల్లగొడదాం. అప్పుడే ఇల్లు సాఫ్ అయితది" అన్నాడు.

"వాటి తప్పేముంది బిడ్డా? కోడిని అమ్మితే పిల్లలకు గుడ్డు యాడికెల్లి వస్తది? వాటికి తావు చూపనిది మనమే గదా!" అన్నది అవ్వ.

అవ్వ మాట నిజం. శుభ్రం అంటే జీవాన్ని తరమడం కాదు. దేని తావు దానికి చూపడం.

ముందు తావు సంగతి. పొయ్యి, తాగే నీళ్లు, పిల్లలు పడుకునే చోటు – ఈ మూడింటి దగ్గరికి జీవాలను రానీయొద్దు. కోళ్లకు బయట గూడు కట్టాలి. గూడు కింద బూడిద గానీ పొట్టు గానీ పరిస్తే రెట్ట ఎత్తడం సులువు. కుక్కకు ఒక మూలన గోనెపట్టా వేయాలి. ఆ పట్టాను వారానికోసారి ఉతికి ఎండలో ఆరేయాలి. కుక్క ఒంటి మీద గోమార్లు ఉంటే పశువుల డాక్టరును అడిగి మందు వాడాలి. పొలానికి కొట్టే పురుగుమందు ఒంటికి రాయొద్దు. కుక్క నాక్కుంటే ప్రాణం పోతుంది.

ఇక మలం సంగతి. కుక్క పేగుల్లో నట్టలు ఉంటాయి. వాటి గుడ్లు మలంతో మట్టిలో పడతాయి. పడ్డ రోజే ఆ గుడ్లు హాని చేయవు. హాని చేసేందుకు రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి మట్టిలో బతికి ఉంటాయి. అదే మట్టిలో పిల్లలు ఆడతారు. అందుకే ఏ రోజు మలం ఆ రోజే తీసి గుంతలో పూడ్చాలి. కుక్కపిల్లకు తల్లి కడుపులో ఉన్నప్పుడే నట్టలు వస్తాయి. దానికి రెండు వారాల వయసు నుంచే నట్టల మందు మొదలుపెట్టాలి.

పిల్లి మలంలో ఇంకో క్రిమి ఉండొచ్చు. అది ఒక రోజు నుంచి ఐదు రోజుల్లో హాని చేసే స్థితికి వస్తుంది. గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు దెబ్బ. పిల్లి దొడ్డికి పోయిన మట్టిని గర్భిణి ముట్టొద్దు. ఆ పని ఇంట్లో వేరేవాళ్లు చేయాలి. బండలను ఫినాయిలుతో తుడిస్తే తడి ఆరేదాకా పిల్లిని రానీయొద్దు. అది కాళ్లు నాక్కుంటుంది. ఫినాయిలు పిల్లికి విషం.

పెండను వాకిట్లో కుప్ప పోయొద్దు. ఈగలు అందులోనే గుడ్లు పెడతాయి. పెంటకుప్ప ఇంటికి, బోరుకు దూరంగా ఉండాలి. అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుకు పెండ గానీ బూడిద గానీ పెట్టొద్దు. పెండలో ధనుర్వాతం క్రిమి ఉంటుంది.

బర్రె తాగే తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది కడగాలి. నిలిచిన నీళ్లలో దోమలు పుడతాయి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ అనే డాక్టరు 1897లో మొదటిసారి చూసింది ఎక్కడనుకున్నారు? ఇక్కడికి దగ్గరే, సికింద్రాబాదులో.

జీవాన్ని ముట్టినా, పెండ తీసినా, గుడ్లు ఏరినా సబ్బుతో చేతులు కడగాలి. ఉత్త నీళ్లు చాలవు.

కుక్క కరిచినా, గోరు గీరినా, పుండును నాకినా మొదటి మందు సబ్బు నీళ్లే. ధారగా పోసే నీళ్ల కింద పావుగంట కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. కొందరికి సూదులంటే భయం. పొట్ట చుట్టూ 14 సూదులు వేస్తారని అనుకుంటారు. ఆ పాత మందును మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు సూదులు చేతికే వేస్తారు. డాక్టరు చెప్పిన రోజుల్లో అన్ని సూదులూ వేయించుకోవాలి. నడుమ ఆపొద్దు. రేబిస్ లక్షణాలు కనిపించాక బతికించడం డాక్టర్ల చేతిలో కూడా ఉండదు.

పెంచే కుక్కకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తర్వాత ఏటా ఒకటి వేయించాలి. శామీర్‌పేట దిక్కున జీనోమ్ వ్యాలీ ఉంది. దేశదేశాలకు టీకాలు పంపే కంపెనీలు అక్కడున్నాయి. దాని పక్కనే ఉన్న ఊళ్లో కుక్కకు టీకా లేకపోతే, దీపం కింద చీకటి ఉన్నట్టే.

ఇక ఆ ఇంటి సంగతి. కొడుకు కోళ్లకు గూడు కట్టాడు. అయితే పెండ తీసేది, వాకిలి ఊడ్చేది, తొట్టి కడిగేది మాత్రం కోడలు ఒక్కతే. ఒకనాడు ఆమె అన్నది: "పాలు అందరు తాగుతరు. గుడ్లు అందరు తింటరు. పెండ నా ఒక్కదానిదేనా?"

ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు కొడుకు పార పట్టి పెంట తీశాడు. పెద్దపిల్లాడు తొట్టి ఖాళీ చేశాడు. అవ్వ కోళ్ల గూట్లో బూడిద మార్చింది. కోడలికి గంట సమయం మిగిలింది. ఆ గంట ఆమె రాత్రి చదువుకు వచ్చింది.

గుర్తుంచుకోండి:
జీవానికి ఒక తావు.
ఏ రోజు మలం ఆ రోజే.
చేతికి సబ్బు.
కుక్కకు టీకా.

ఆలోచించండి: మీ ఇంట్లో జీవాలు ఎన్ని? వాటి తావు ఎక్కడ? వాటి పెంట ఎత్తేది ఎవరు? రేపటి నుంచి ఆ పని ఎవరెవరు పంచుకుంటారో ఇంట్లో కూర్చుని మాట్లాడండి. పేర్లు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. రాయడం మీకు వచ్చు కదా!