చెప్పినవారి పేరు రాద్దాం



మా చీడికాడ హాస్టల్‌లో చదివి వెళ్లిన పిల్లలు కొందరు ఇప్పుడు పత్రికలకు రాస్తున్నారు. అది జీతం ఉద్యోగం కాదు, వ్యాసానికి ఇంత అని ఇస్తారు. వాళ్ల పేర్లు అచ్చులో చూస్తే మాకు గర్వంగా ఉంటుంది. ఆ చనువుతోనే ఈరోజు ఒక మాట చెబుతాం.

రెండేళ్ల క్రితం వాళ్లలో ఒక అబ్బాయి అడవిలో దొరికే చేదుదుంప మీద రాశాడు. మా విద్యార్థిని మామ్మ దగ్గర కూర్చుని వివరాలు అడిగాడు. ఆమె ఓపికగా చెప్పింది. దుంపను పల్చగా తరగాలి, పారే నీటిలో ఉంచాలి, ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. అలా చేయకుండా తింటే విషం. తీరా పత్రికలో వచ్చింది ఏమిటంటే, "దుంపలో పోషకాలు పుష్కలమని నిపుణులు చెబుతున్నారు" అని. నీళ్లలో ఉంచే మాట లేదు. మామ్మ పేరు లేదు. ఆ నిపుణులెవరో కూడా లేదు.

భోజనాల దగ్గర దాన్ని చదివి వినిపిస్తుంటే ఆ అమ్మాయి లేచి, "మేడమ్, మా మామ్మ ఇలా చెప్పలేదు" అంది. అది చదివి ఎవరైనా దుంప తవ్వి వండుకుని ఉంటే? పేరూ ఊరూ రాసి ఉంటే వెళ్లి అడగవచ్చు. "నిపుణులు" అంటే ఎవరి గుమ్మం ముందు నిలబడి అడుగుతాం?

ఆ అబ్బాయిని పిలిచి అడిగాం. "మామ్మ పేరు పెడితే వ్యాసం తీసుకుంటారా మేడమ్?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

ఈ అలవాటు మాలోనూ ఉంది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. ఆయన చేసిన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టిన మహానుభావుడు. కానీ ఏటా పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఆయనకు భాష నేర్పిన గురువును మేము "ఒక సవర" అనే అన్నాం. ఆయన పేరేమిటని ఒక్కసారైనా వెతకలేదు.

పాలగుమ్మి సాయినాథ్ గారు 2014లో మొదలుపెట్టిన 'పరి' కథనాలు చూడండి. కూలీ అయినా, నేతగాడైనా మనిషి పేరు, ఊరు, మాట కనిపిస్తాయి. తెలుగులోనూ చదవవచ్చు.

అందుకే రాసే పిల్లలకు మా మనవి. జ్వరం గురించి డాక్టరు గారిని అడగండి, దుంప గురించి మామ్మను అడగండి. ఇద్దరికీ పేరు, ఊరు, ఆ సంగతి ఎలా తెలుసో రాయండి. కువిలోనో ఒడియాలోనో చెబితే తెలుగు చేసిందెవరో కూడా రాయండి. ఒక్కరి మాటను తెగ మొత్తం మాటగా రాయకండి. పేరు వద్దంటే మానేయండి. లైంగిక దాడికి గురైన పిల్లల వివరాలు బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. అక్కడ పేరు దాచడమే ధర్మం.

ఆ అబ్బాయి ఈ మధ్య మళ్లీ రాశాడు. పంపే ముందు మామ్మ దగ్గరకు వెళ్లి చదివి వినిపించాడు. "ఒక రాత్రి నీళ్లలో ఉంచాలి" అన్నచోట ఆమె ఆపింది. "ఒక రాత్రి అని రాయకు నాయనా, చేదు పోయేదాకా అని రాయి" అంది. అలాగే దిద్దాడు. కింద ఆమె పేరు, ఊరు రాశాడు.