అమ్మాయి పెట్టెలో రెండు చట్టం ముక్కలు



పిల్లను యూనివర్సిటీలో చేర్పించేటప్పుడు మనం ఎన్ని సర్దుతామో చూడండి! దుప్పటి, బకెట్టు, ఆవకాయ సీసా, జంతికల డబ్బా. వాటితోపాటు ఒక మాట కూడా మూట కట్టి పంపుతాం: "ఏం జరిగినా గొడవ చెయ్యకు తల్లీ" అని. ఆ సామానులో చట్టం గురించి నాలుగు ముక్కలు కూడా ఉండాలని నాకు కిందటేడు తెలిసివచ్చింది.

మా పక్కింటివారి అమ్మాయి ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీలో చేరింది. పది రోజులు తిరక్కుండానే తను కోరుకున్న చోట సీటు వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే, మూడేళ్ల ఫీజూ కడితేనే ఇస్తామన్నారు కాలేజీవారు. తల్లి రోజూ వెళ్లి బతిమాలింది. "కాగితం రాసిచ్చారా వదినగారూ?" అని అడిగాను. "రాస్తే వాళ్లకు ఇంకా కోపం వస్తుందేమో" అంది.

నిజానికి నిబంధన ఆమె పక్షానే ఉంది. సర్టిఫికెట్లు సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి, తమ దగ్గర అట్టే పెట్టుకోకూడదు అని యూజీసీ 2018లోనే కాలేజీలకు ఉత్తర్వు ఇచ్చింది. చివరికి జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాం. వారు పెట్టిన లాయరుగారు నోటీసు పంపారు. సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. కాని ఈలోగా రెండోచోట గడువు దాటిపోయింది. పిల్ల ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంది. "మొదటిరోజే రాసి ఉంటే!" అని ఆ తల్లి ఇప్పటికీ బాధపడుతుంది.

లాయరంటే ఖర్చు కదా అంటారేమో. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. లక్షాధికారి భార్య అయినా సరే, అడిగే హక్కు ఉంది. ఇల్లు కదలలేనివారు 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

ఇక రెండో సంగతి, మనం పైకి అనడానికి బిడియపడేది. లెక్చరరుగాని, తోటి విద్యార్థిగాని ఆడపిల్లతో అసభ్యంగా ప్రవర్తిస్తే ఎవరితో చెప్పుకోవాలి? 2013 చట్టం ప్రకారం అందుకు అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు స్త్రీయే. సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా స్త్రీలే ఉండాలి. ఫిర్యాదు రాతమూలకంగా ఇవ్వాలి. రాయలేకపోతే రాయడానికి కమిటీవారే సాయం చెయ్యాలి. పిల్ల పేరు బయటపెట్టకూడదు. "నలుగురికీ తెలుస్తుంది" అన్న భయంతోనే కదా మనం నోరు నొక్కుకునేది! ఆ భయానికి చట్టమే జవాబు చెప్పింది. కాని గడువు మరిచిపోకండి: జరిగిన నాటినుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు.

ర్యాగింగ్ సంగతి మీకు తెలిసిందే. మన రాష్ట్రంలో 1997లోనే అది నేరమని చట్టం చేశారు. 1800-180-5522 అనే నంబరుకు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు. ఈ నంబరు పిల్లవాడి పుస్తకం అట్ట మీదా, మీ వంటింటి క్యాలెండరు మీదా రాసి పెట్టుకోండి.

చివరిగా ఒక్క మాట. ఏ ఫిర్యాదైనా నోటిమాటగా వదలకండి. తేదీ వేసి రాయండి. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. వేయమంటే రసీదుతో స్పీడ్ పోస్టులో పంపండి. పోపుల పెట్టె సర్దినంత జాగ్రత్తగా ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి.

ఈసారి అమ్మాయిని బస్సెక్కించేటప్పుడు "గొడవ చెయ్యకు" అనకండి. "ఏం జరిగినా ఆ రోజే నాతో చెప్పు, ఇద్దరం కలిసి రాద్దాం" అనండి. ఆ ధైర్యం ముందు మన దగ్గరుంటేనే పిల్లకు వస్తుంది.