ప్రయోగశాలలోని జంతుగృహము



అన్నము తినువారికిని, నీలగిరులలోని కూనూరున పెరిగిన ఎలుకలకును ఒక సంబంధము కలదు. 1918లో డాక్టర్ మెక్కారిసన్ అచ్చట బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన ప్రారంభించెను. తరువాత ఆయన ఈ దేశమందలి వివిధ ప్రాంతముల భోజనములను ఎలుకల గుంపులకు వేరువేరుగా పెట్టించెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల భోజనము తిన్నవి పుష్టిగా పెరిగినవి. బియ్యమే ప్రధానమైన మద్రాసు భోజనము తిన్నవి చిక్కిపోయినవి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

అయితే ఆ భేదము ఆహారము వలననే కలిగినదని చెప్పుటెట్లు? గూళ్ళన్నిటికిని ఒకే గాలి, ఒకే వెచ్చదనము, ఒకే శుభ్రత ఉన్నప్పుడే ఆ మాట చెల్లును. జంతుగృహ నిర్మాణమునకు ఇదియే మూలసూత్రము.

పశువులపాక ఊడ్వనిచో మూత్రపు ఘాటు కన్నులకు తగులుట రైతులెరిగినదే. ఆ అమోనియా వాయువు ఎలుకల ఊపిరితిత్తులను చెరచును. కావున జంతుగృహమున గంటకు 12 నుండి 15 మారులు గాలి మారునట్లును, ఉష్ణము 18 నుండి 29 సెంటీగ్రేడు డిగ్రీల నడుమ నుండునట్లును ఏర్పాటుండవలెనని భారతదేశపు నియమావళి చెప్పుచున్నది.

ఇంత గాలిని రేయింబవళ్ళు చల్లబరచి నడుపుటకు విద్యుచ్ఛక్తి విస్తారముగా ఖర్చగును. కప్పునుండి ఎండవేడి దిగకుండ కట్టుట, బయటికి పోవు చల్లగాలిచేత లోనికి వచ్చు వేడిగాలిని కొంత చల్లార్చుట, గూళ్ళకే నేరుగా గాలి నందించుట మొదలగునవి సరియైన పొదుపు మార్గములు. ఫ్యాన్లు ఆపుట పొదుపు కాదు. ఒక్క వేసవిరాత్రి గాలి నిలిచినచో నెలల శ్రమ వ్యర్థమగును. ఆ మూగజీవుల ప్రాణములు ఊరక పోవును. ప్రయోగము మరల మొదలిడవలసి వచ్చును.

అన్నిటికంటె పెద్ద పొదుపు సంఖ్యలో నున్నది. 1959లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులగు రస్సెల్, బర్చ్ మూడు ధర్మములు చెప్పిరి: జంతువు లేకయే పని జరుగునేని అట్లే చేయుట, తప్పనిచో తక్కువ జంతువులతో చేయుట, వాని బాధను తగ్గించుట. మరుసటి ఏడు, 1960లో, భారతదేశమున జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. వెంటనే అవసరము లేని ఎలుకజాతులను తరతరములుగా పెంచుటకు మారుగా, వాని పిండములను అతిశీతలమున భద్రపరచుట నేడు సాధ్యమైనది. పుట్టని ఎలుకకు మేత వలదు, చల్లగాలి వలదు, చావును లేదు.

ఒకచోట జరిగిన ప్రయోగము అచ్చుపడి, చదువబడినచో, దానికొరకే మరియొకచోట జంతువులు బలికానక్కరలేదు. గ్రంథాలయములు చేయు మేలులో ఇదియు నొకటి.