ఉపగ్రహములు – పొలపు గట్లు



పూర్వము తోవ తప్పిన బాటసారి ధ్రువనక్షత్రమును జూచి దిక్కు తెలిసికొనెడివాడు. నేడు పసివాడు సైతము చేతిలోని ఫోను జూచి తానున్న చోటు చెప్పుచున్నాడు. ఇది యెట్లు సాధ్యమైనది, దీనివలన మన కేమి మేలు, ఎచ్చట దీనిని నమ్మరాదు అను మూడు విషయములు నేడు మనవి చేసెదను.

అమెరికావారి జీ.పీ.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున నుండి, దినమునకు రెండుమారులు భూమిని చుట్టుచుండును. మనదేశమువారును, ఇప్పుడు నావిక్ అనబడు నిట్టి యేర్పాటును తలపెట్టి, 2013 జూలైలో తొలి యుపగ్రహమును శ్రీహరికోటనుండి పంపిరి. ఇవి మనలను చూచుచున్నవని పలువురు తలంతురు. అది పొరపాటు. దండోరా వేయువాడు వినువారి నందఱ నెఱుగునా? ఉపగ్రహమును అంతే. తానున్న చోటును, తన గడియారములోని వేళను ఎడతెగక చాటుచుండును. ఆ సంకేతము చేరుటకు పట్టిన కాలమునుబట్టి ఫోను దూరమును లెక్కకట్టును. నాలుగు ఉపగ్రహముల సంకేతము లందినచో మనమున్న చోటు తేలును. సంకేతము సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, కాలములో సెకనునందు పదిలక్షలవ వంతు తప్పినను దూరములో 300 మీటర్లు తప్పును.

దీనివలని మేలు కొంచెము గాదు. ఊరికి దూరమున చేనిలో నొకనికి పాము కరచినచో, ఆ చోటును ఫోనుద్వారా తెలిపి వైద్యవాహనమును తిన్నగా రప్పింపవచ్చును. సముద్రముపై బెస్తవారు తీరమునకు మరలు దారిని తెలిసికొనవచ్చును. చోటు తెలియుటకు ఫోను టవరు లేకున్నను చెల్లును. దాని నితరులకు పంపుటకు మాత్రము టవరు కావలయును.

ఇక నమ్మరాని చోటు చెప్పెదను. కొన్నాళ్లక్రిందట అన్నదమ్ము లిద్దరు గట్టుతగాదాతో నాయొద్దకు వచ్చిరి. ఇద్దరును నాయొద్ద ఓనమాలు దిద్దినవారే. "పంతులుగారూ, తమ్ముడు గట్టు జరిపినాడు. ఫోనే చెప్పుచున్నది" అని పెద్దవాడు. నేను వారితో పొలమునకు బోయి, చెట్లక్రింది గట్టురాతియొద్ద ఫోనులో గురుతు పెట్టించితిని. కొంతసేపైన పిదప ఆ రాతియొద్దనే మరల పెట్టించితిని. రెండు గురుతులకు నడుమ మూడు బారల యెడమున్నది! రాయి కదలలేదు, ఫోనులోని చుక్కయే కదలినది. ఇద్దరును తలలు వంచుకొనిరి.

ఆరుబయట సైతము ఫోను సుమారు 5 మీటర్లు, అనగా 16 అడుగులు తప్పవచ్చును. చెట్లక్రింద, గోడలప్రక్క ఇంకను హెచ్చు తప్పును. సర్వేయర్లు తెచ్చు రోవరు వేఱు. తన స్థానము నిశ్చయముగా తెలిసిన యొక స్థిరకేంద్రము, సంకేతములలోని తప్పును కనిపెట్టి, దిద్దుబాటును రోవరునకు పంపును. అందువలన అది రెండు మూడు సెంటీమీటర్లవఱకు సరిగా చెప్పగలదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన భూముల రీసర్వేలో వాడినది ఇట్టి పరికరమే.

పిదప ఆ సోదరుల చేనిని ఇద్దరి యెదుటను రోవరుతో కొలిచిరి. గట్టు జానెడు జరిగిన మాట నిజమే. కాని జరిగినది తమ్ముని చేనిలోనికి! అది యెవ్వరి దురాశయు గాదు; ఏటేట నాగలి తగులుటచేత నట్లయినది.

అయినను రోవరు చోటును మాత్రమే చెప్పును. అది యెవరిదో చెప్పునవి పాత రికార్డులును, హద్దురాళ్లును. కావున పెద్దలు మీరు, కొలతనాడు ఇరుగుపొరుగు రైతుల నందఱను చేనియొద్ద నుండుడని చెప్పుడు. రాళ్లను చూపింపుడు. కొలతల నకలు తీసికొనుడు. తప్పు తోచినచో ఆలసింపక వ్రాతమూలముగా తెలుపుడు. ఫోనును దారి తెలిసికొనుటకు వాడుడు. గట్టుతగాదా తీర్చుటకు మాత్రము వాడకుడు.